చుట్టూ రొయ్యల చెరువులు, మధ్యలో మా వరిచేను. లీజుకి ఇచ్చెయ్యాలా, ఉంచుకోవాలా?

పల్లంచేను:

అందరికీ నమస్కారం అండి. మాది కోనసీమలో సముద్రం వైపు, కాట్రేనికోన దగ్గర ఒక ఊరు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, అమ్మా నాన్నా ఊళ్ళోనే ఉంటారు. మూడెకరాల పల్లం చేను ఉంది, తాతగారి కాలం నుంచి సార్వా (ఖరీఫ్) దాళ్వా (రబీ) రెండూ వరే. ఇప్పుడు తూర్పు పక్కా దక్షిణం పక్కా రొయ్యల చెరువులు తవ్వేశారు, పడమటి పక్క వాళ్ళు కూడా ఈ వేసవిలో పొక్లెయిన్ పెట్టిస్తామంటున్నారు. తూర్పు చెరువు గట్టు వెంబడి మా చేలో కొంతమేర దుబ్బు కట్టట్లేదు, ఆకు కొసలు ఎండిపోతున్నాయి, నీళ్ళు తీసేశాక నేల మీద తెల్లగా పొర కట్టేస్తుంది. సార్వాలో వానలకి కొంత కడుక్కుపోద్ది గానీ దాళ్వా వచ్చేసరికి మళ్ళీ అదే వరస.

చెరువు తవ్వినాయన వరసకి మావయ్య అవుతారు, చెడ్డమనిషేం కాదు. మా చేను కూడా ఇచ్చెయ్యమంటున్నారు, వరి మక్తా (కౌలు) మీద దాదాపు మూడు రెట్లు ఇస్తానన్నారు, ఐదేళ్ళకి కాగితం రాసుకుందాం, సగం ముందే ఇచ్చేస్తాను అని. అమ్మ ఒప్పేసుకుందాం అంటుంది, నాన్నకి మోకాళ్ళ నొప్పులు, కూలీలు దొరకట్లేదు, ఆవిడ మాటలో తప్పేం లేదు. నాన్న మాత్రం ఒకటే మాట, ఒకసారి తవ్వితే అది ఇంక చేను కాదురా అని.

నాకు తెలియాల్సింది ఏంటంటే, ఐదేళ్ళయ్యాక చెరువు పూడ్చి మళ్ళీ వరి వేస్తే పండుద్దా? ఇవ్వకుండా ఉంచుకుంటే ఈ ఉప్పు ఊటని ఆపే దారి ఏదన్నా ఉందా? ఇంకోటి, ఇది డబ్బు లెక్క ఒక్కటే అనుకుంటే నేను ఇక్కడ అడిగేవాణ్ణి కాదు. మూడు పక్కలా చెరువులొచ్చి మేమూ ఇచ్చేస్తే మా వెనకున్న చేల వాళ్ళ సంగతేంటి, ఊరి సంగతేంటి? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

ఉండి_చెరువులు:

తమ్ముడూ నేను చెరువుల వాణ్ణే, పశ్చిమ డెల్టాలో, ఉండి అనే ఊరి దగ్గర. ఇక్కడ అందరూ మమ్మల్ని దొంగల్లా చూస్తారు కాబట్టి ముందు మా సైడు చెప్తాను. మేం సరదాకి తవ్వలేదు. మా నాన్న వరి వేసినన్నాళ్ళూ అప్పే. పల్లం చేలు, డ్రెయిన్ లాగదు, అక్టోబరు నవంబరు తుపానుకి కోతకొచ్చిన చేను నీళ్ళలో పడుకుంటది, తడిసిన ధాన్యం కొనేవాడుండడు. 2011లో మీ కోనసీమ రైతులే సార్వా మానేసి క్రాప్ హాలిడే అన్నారు, దేశమంతా పేపర్లలో వచ్చింది, గుర్తుందా? గిట్టుబాటు లేకే కదా అంతపనికి దిగారు. చెరువు పెట్టాకే మా ఇంట్లో పిల్లలు ఇంజనీరింగ్ చదివారు. ఆ మాట నేను దాచను.

అయితే నువ్వు లీజుకిచ్చే ముందు రొయ్య ఎంత నిలకడలేని వ్యాపారమో తెలుసుకో. తొంభైల్లో టైగర్ రొయ్య మీద జనం మేడలు కట్టారు, 94-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి ఊళ్ళకి ఊళ్ళు ఎండబెట్టేసింది. ఆ చెరువులు చాలా ఏళ్ళు ఖాళీగా పడి ఉన్నాయి, వరికి పనికిరావు, చేపకి సరిపోవు. 2009లో వనామి అనే ఇంకో రకం రొయ్యకి పర్మిషన్ వచ్చాక మళ్ళీ లేచింది. ఇప్పుడు ఈహెచ్‌పీ, వైట్ గట్, విబ్రియో అని రకరకాల రొయ్య రోగాలు, సరైన సైజు (కౌంట్) రాకుండానే పట్టుబడి పెట్టెయ్యాల్సి (రొయ్య పట్టి అమ్మెయ్యాల్సి) వస్తది. 2025 ఆగస్టులో అమెరికావాడు మనమీద యాభై శాతం సుంకం వేస్తే ఇక్కడ చెరువుగట్టు మీద రేటు ఆ వారంలోనే పడింది. అంటే ఎక్కడో వాళ్ళు తీసుకున్న నిర్ణయానికి మన ఊళ్ళో లీజుదారుడు మధ్యలో వదిలేసి వెళ్ళిపోవచ్చు. అప్పుడు గుంత నీదే, ఉప్పు నీదే.

కాబట్టి ఇస్తే గనక కాగితంలో మూడు విషయాలు గట్టిగా రాయించు. గడువు అయ్యాక గట్టు కొట్టి పై మట్టి మళ్ళీ పరిచి సాపు చేసి ఇవ్వాలని, బోరు వెయ్యకూడదని, పట్టుబడి అయ్యాక అడుగు బురద డ్రెయిన్లోకి తొయ్యకూడదని. వీటికి ఒప్పుకోని మనిషికి ఇవ్వకు. ఇంకో సంగతి, పర్మిషన్ లేకుండా తవ్వితే సబ్సిడీ కరెంటు రాదు, మీ చేను ఆక్వా జోన్లో (చెరువులకని ప్రభుత్వం గుర్తించిన ప్రాంతంలో) ఉందో లేదో ముందు కనుక్కో.

మట్టి_సంచి:

పల్లంచేను గారూ, నేను అగ్రికల్చర్ బీఎస్సీ చేసి మట్టి పరీక్షల పనిలో ఉన్నాను. మీ మొదటి ప్రశ్నకి సమాధానం "పండొచ్చు, కానీ ఐదేళ్ళ తర్వాత వెంటనే కాదు, డ్రెయిన్ లాగకపోతే అసలు కాదు". ఎందుకో చెప్తాను.

వరికి మట్టిలో ఉప్పు ఎంతుందో ఈసీ అనే అంకెతో చూస్తాం. 3 దాటితే దిగుబడి పడ్డం మొదలవుద్ది, అక్కడ నుంచి ఒక్కో పాయింటుకి సుమారు 12 శాతం చొప్పున పోద్ది, 4 దాటిన నేలని చౌడు నేల అనే అంటారు. ఊడ్చిన కొత్తలో, పొట్ట దశలో, పూత దశలో వరి ఉప్పుకి బాగా లొంగిపోద్ది, మధ్యలో కొంచెం తట్టుకుంటది. మీరు చెప్పిన ఆకు కొసలు ఎండటం, తెల్లపొర, అచ్చంగా అవే లక్షణాలు.

చెరువులో నీటిమట్టం మీ చేను మట్టం కన్నా ఎత్తులో ఉంటది కాబట్టి గట్టు అడుగు నుంచి పక్కకి ఊరుతూనే ఉంటది. మన డెల్టా మట్టి నల్లరేగడి బంకమట్టి కదా ఊట రాదు అనుకుంటారు, పైన బంకే గానీ కింద ఇసక పొర తగిలిందంటే నీళ్ళు దాంట్లోంచి చాలా దూరం పోతాయి. చెరువు తవ్వినప్పుడు ఆ ఇసక పొర తెగిందా లేదా అన్నది ముఖ్యం, మీ మావయ్య గారిని ఎంత లోతు తవ్వారో అడగండి.

ఇప్పుడు మీరు చెయ్యాల్సిన పని. ఏప్రిల్ మే నెలల్లో చేను ఆరి ఉన్నప్పుడు మట్టి తియ్యండి. గట్టు పక్కన ఒకటి, చేను మధ్యలో ఒకటి, దూరంగా పడమటి చివర ఒకటి, మూడూ వేరువేరు సంచుల్లో. పారతో వి ఆకారంలో జానెడు లోతు గుంట తీసి పక్క నుంచి పై నుంచి కింద దాకా సన్నగా పొర కొయ్యండి, పది చోట్ల తీసి కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేస్తూ చివరికి అరకేజీ ఉంచండి. ఎరువు వేసిన చోటా, చెట్టు నీడలోనూ, గట్టు మీదా తియ్యకండి. రైతు సేవా కేంద్రంలో ఇస్తే ల్యాబ్‌కి పంపుతారు, ఈసీ పీహెచ్ రెండూ అడగండి. గట్టు నుంచి దూరం పోయేకొద్దీ అంకె తగ్గితే ఊట చెరువు నుంచే అని మీ చేతిలో కాగితం ఉన్నట్టు. రేపు ఏ ఆఫీసుకెళ్ళినా ఆ కాగితం లేకపోతే మీ మాట మాటలాగే ఉండిపోద్ది.

ఊటకి అడ్డుగా చెరువు గట్టుకీ మీ చేనుకీ మధ్యలో లోతు బోదె (చిన్న కాలవ) తియ్యాలి. చేను మట్టం కంటే బాగా కిందికి ఉండాలి, వచ్చిన ఉప్పునీరు చేలోకి రాకుండా దాంట్లో దిగి మురుగు కాలవకి పోవాలి. ఇది చెరువు వాళ్ళే వాళ్ళ స్థలంలో తియ్యాలి, మీ నేల పోగొట్టుకోవాల్సిన పని లేదు. తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ మార్గదర్శకాల్లోనే పొలానికీ రొయ్యల చెరువుకీ మధ్య నేలని బట్టి 50 నుంచి 100 మీటర్ల దూరం ఉండాలని ఉంది, పంటపొలాల్ని చెరువులుగా మార్చకూడదనీ ఉంది. మీ ఊళ్ళో ఎవరన్నా పాటించారా?

సార్వాకి ముందు జీలుగు వేసి పూత దశలో కలియదున్నండి, జీలుగు ఉప్పుని బాగా తట్టుకుంటది. జిప్సం వేస్తే పోద్ది అని షాపులవాళ్ళు చెప్తారు, అది క్షారం ఎక్కువున్న నేలకి పని చేస్తది, మామూలు ఉప్పుకి కాదు. పీహెచ్ చూడకుండా డబ్బులు తగలెయ్యకండి. చౌడు తట్టుకునే రకాల కోసం మార్టేరు స్టేషన్‌లో అడగండి. స్వర్ణ ఇచ్చిన స్టేషన్ అది, మన నేలలు వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

కాలవగట్టు:

బాబూ, ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యాను, సర్వీసులో ఎక్కువ భాగం మధ్య డెల్టాలోనే. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

మన డెల్టాలో నీళ్ళకి రెండు దారులున్నాయి. 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు, ఇప్పుడున్న బ్యారేజీ దాని చోట తర్వాత వచ్చింది. ఆ కాలవలన్నీ మెరక మీద తవ్వారు, మురుగు డ్రెయిన్లు పల్లంలో నడుస్తాయి. ప్రతి చేనూ ఒక పక్క బోదెలోంచి మంచినీరు తీసుకుని ఇంకోపక్క డ్రెయిన్‌కి వదలాలి. పది లక్షల ఎకరాలకి పైగా ఆయకట్టు ఇలాగే బతుకుతోంది. నీకు వచ్చే నీరు పైవాడు వదిలింది, నువ్వు వదిలింది కిందివాడికి పోద్ది. అందుకే ఈ డెల్టాలో నా మూడెకరాలు నా ఇష్టం అనేది కుదరదు, నీకైనా మీ మావయ్యకైనా.

వరి గింజ పండించడం కాకుండా ఇంకో పని చేస్తది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఏడాదిలో చాలా నెలలు చేలో మంచినీరు నిలబడి కిందికి ఇంకుతూ ఉంటది. సముద్రం పక్క నేలల్లో కింద ఉప్పునీరే ఉంటది, దానిమీద మంచినీరు పాల మీద మీగడలాగా తేలుతూ ఉంటది. సముద్ర మట్టం కన్నా ఒక అడుగు ఎత్తు మంచినీరు నిలబడితే దానికింద సుమారు నలభై అడుగుల లోతు దాకా మంచినీరే ఉంటది, ఇది లెక్క కట్టి తేల్చిన సంగతి. తిరగేసి చూడు, పైన మట్టం ఒక్క అడుగు పడితే కింద నలభై అడుగులు ఉప్పు పైకి లేస్తది. వరి మానేసి ఆ చోట ఉప్పునీటి చెరువు పెడితే ఇంకేది ఉప్పే, ఆ పక్కన బోరు వేసి తోడితే పై మంచినీరు పలచబడిపోద్ది. ఈ నష్టం రొయ్యలు అమ్మినవాడి లెక్కలో ఎక్కడా రాదు. ఊళ్ళో బోరింగు ఉప్పెక్కినప్పుడు ఊరంతా కడుతుంది.

ఇక డ్రెయిన్లు. సముద్రం దగ్గర డ్రెయిన్లన్నిట్లో పోటుకి ఉప్పునీరు పైకి ఎక్కుద్ది, పాటుకి దిగుద్ది. మొగ (డ్రెయిన్ సముద్రం వైపు కలిసే చోటు) దగ్గర తలుపులు బాగుండి, డ్రెయిన్‌లో పూడికా గుర్రపుడెక్కా లేకపోతే వచ్చిన ఉప్పు వెనక్కి పోద్ది. పూడిపోయిన డ్రెయిన్‌లోకి చెరువుల బురద తోసి, దాని గట్ల మీదకి కూడా చెరువులు జరిపేస్తే పోటు నీరు ఎక్కడికక్కడ నిలబడిపోద్ది. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ చుట్టూ కొబ్బరి తలలు వాలిపోయిన తోటలు చూడు. కొబ్బరి ఉప్పుగాలికి బెదిరే చెట్టు కాదు, వేళ్ళ దగ్గర ఉప్పునీరు రోజుల తరబడి నిలబడితే మాత్రం అదీ బతకదు.

పై నుంచి ఇంకో దెబ్బ. ఈ డెల్టా అంతా గోదారి తెచ్చిన ఒండ్రు. ప్రతి వరదకీ కొత్త ఒండ్రు పడితేనే నేల తన ఎత్తు నిలుపుకుంటది, ఎందుకంటే మెత్తటి మట్టి తన బరువుకి తనే అణుగుతూ ఉంటది. జాయక్వాడి, శ్రీరాంసాగర్ ఇంకా పైనున్న అనేక డ్యాములు ఒండ్రుని పట్టేసుకుంటున్నాయి, ఇక్కడ మనం ఏటిగట్లు కట్టాం కాబట్టి ఉన్న ఒండ్రూ చేల మీదకి రాదు, రేవుల్లో ఇసక తోడేస్తున్నాం, నేల కింద నుంచి నీళ్ళూ గ్యాసూ తీస్తున్నాం. సముద్రం ఏమో పైకి వస్తోంది. ఇవన్నీ వేరువేరు ఆఫీసుల్లో వేరువేరు ఫైళ్ళు, నేల మాత్రం ఒకటే. డ్యాములు వద్దని నేను అనను, నా ఉద్యోగమే నీళ్ళు పారించడం. ప్రతి ప్రాజెక్టుకీ లాభం ఎన్ని ఎకరాలు, ఎన్ని మెగావాట్లు అని లెక్క రాస్తారు, కింద డెల్టాకి పడే నష్టం ఆ పేజీలో ఉండదు. నా బాధ అది.

చివరిగా దాళ్వా. ఫిబ్రవరి మార్చికల్లా గోదారిలో సహజ ప్రవాహం పడిపోద్ది, సీలేరు కరెంటు ప్రాజెక్టుల నుంచి వదిలే నీళ్ళే ఆధారం, వంతులు పెట్టి పారిస్తాం. అదే టైముకి చెరువుల వాళ్ళు నింపుకోడానికి మోటార్లు పెడితే శివారు (కాలవ చివరి) చేలు ఎండుతాయి. మీది శివారేనా? అయితే నీటిసంఘంలో మీ నాన్నగారి మాట ఉండాలి, ఊరకే ఉండొద్దు.

శివారు_అమ్మాయి:

అందరూ చేలున్నవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు అండి. మాకు సెంటు భూమి లేదు, మా అమ్మ ఊడ్పులకి కలుపుకి కోతలకి వెళ్ళి మమ్మల్ని చదివించింది, నేను ఇప్పుడు టీచర్‌ని. మా ఊరు మీ పక్క మండలమే. ఒక ఎకరం వరి అంటే ఆకుమడి నుంచి నూర్పిడి దాకా ఎంతమంది చెయ్యి పడుద్దో చేలున్నవాళ్ళకి తెలుసు. అదే ఎకరం చెరువైతే పాకలో ఒక కాపలా మనిషి, మేత చల్లడానికి ఇంకొకరు, అదీ ఎక్కువగా బయట నుంచి వచ్చినవాళ్ళు. మిషన్లు వచ్చి వరిలోనూ పని తగ్గింది నిజమే, చెరువులొచ్చి మిగిలిందీ పోయింది. ఆడవాళ్ళు తెల్లారకట్ల కంపెనీ బస్సెక్కి రొయ్యలు వలిచే షెడ్లకి పోతున్నారు, రోజంతా ఐసు నీళ్ళలో చేతులు, వేళ్ళు పగిలిపోతాయి. ఆ డబ్బుతో ఇళ్ళు నడుస్తున్నాయి కాబట్టి దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఆ పని ఇష్టపడి ఎంచుకున్నారని మాత్రం ఎవరూ అనకండి.

వరిచేలున్నప్పుడు బోదెల్లో పరిగెలు, మట్టగిడసలు, కొర్రమీను దొరికేవి, నత్తలు ఏరుకునేవాళ్ళు, గట్ల మీద గడ్డి కోసుకుని గేదెని మేపుకునేవాళ్ళు, ఇవన్నీ భూమి లేనివాళ్ళకి డబ్బు పెట్టకుండా దొరికే తిండి. చెరువు గట్టు మీద అడుగు పెడితే కాపలావాడు కేకలేస్తాడు. ఇవి ఏ లెక్కలో రాశారు చెప్పండి?

నీళ్ళ సంగతి ఇంకా ఘోరం. మా పేటలో బోరింగు నీళ్ళు నోట్లో పెట్టలేం, బట్టలుతికితే నురగ రాదు. ఏప్రిల్‌లో కాలవలు కట్టేసే ముందు మంచినీళ్ళ చెరువు నింపుతారు, దాని పక్కనే రొయ్యల చెరువు ఉంటే ఆ ఊట ఇందులోకి వస్తది. ఇప్పుడు అందరం టిన్ను నీళ్ళు కొనుక్కుని తాగుతున్నాం, కూలిపని చేసుకునే ఇల్లు కూడా రోజూ టిన్నుకి డబ్బులు పెట్టాలి. లీజు డబ్బు భూమి ఉన్నాయనకి వెళ్ళింది, ఉప్పు మాత్రం మా పేటకి వచ్చింది. మీరు అమ్మా నాన్నతో మాట్లాడేటప్పుడు ఈ ముక్క కూడా చెప్పండి అన్నయ్యా.

మొగ_కాడ:

మాది గోదారి మొగ దగ్గర భైరవపాలెం వైపు, ఏట (చేపల వేట) వాళ్ళం. అక్క రాసింది చదివాక నేను కూడా రాయాలనిపించింది. చెరువులు ఖాళీ చేసే రోజుల్లో ఆ నల్లబురద నీరు డ్రెయిన్‌లోంచి ఏట్లోకి, ఏట్లోంచి మడ అడవిలోకి వస్తది, ఆ వారం వల వేస్తే ఏం పడదు, జిగురు పట్టి వల బరువెక్కుద్ది అంతే. మండపీత పిల్ల, రొయ్య పిల్ల, బొంత చేపపిల్ల అన్నీ మడచెట్ల వేళ్ళ మధ్యే పెరిగి సముద్రానికి పోతాయి, అంటే మడ పోతే సముద్రంలో మాకు పట్టు పోయినట్టే. తొంభైల్లో చెరువుల కోసం మడ నరికిన చోట్లు మా పెద్దోళ్ళు చూపిస్తారు. 96 నవంబరు తుపాను అటువంటిది ఇంకోటి వస్తే మా ఊరికి ముందు నిలబడేది కోరింగ మడ అడవే, సిమెంటు గోడ కాదు. ఫారెస్టువాళ్ళూ ఊరివాళ్ళూ కలిసి చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వి పోటు నీరు లోపలికి పారించి మడ మళ్ళీ పెంచిన చోట్లు ఉన్నాయి, అక్కడ పీత మళ్ళీ కనిపించింది. అంటే చేస్తే వస్తది. చెయ్యాలి గానీ.

పులస గురించి రేటే రాస్తారు అందరూ. వరద నీటికి ఎదురెక్కి వచ్చే చేప అది, మొగ పూడితే రాదు, వచ్చినా ధవళేశ్వరం దగ్గర ఆగిపోద్ది. ఏటేటా తగ్గిపోతుంది.

ఉండి_చెరువులు:

టీచర్ గారు చెప్పింది నాకు గట్టిగానే తగిలింది అండి, కాదనను. కానీ ఒక్క మాట. చెరువులన్నీ పూడ్చెయ్యండి అంటే రేపు పొద్దున్న బ్యాంకు లోను ఎవరు కడతారు? కొల్లేరులో ఏం జరిగిందో మాకు కళ్ళముందే ఉంది. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ (చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ) గుర్తింపు ఇచ్చారు, అన్నేళ్ళూ అయిదో కాంటూరు (సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తున గీసిన సరస్సు హద్దు) లోపల చెరువులు తవ్వుతుంటే చూస్తూ కూర్చున్నారు, 2006లో పేలుడు మందు పెట్టి గట్లు పేల్చారు. చిన్నవాడు అప్పుల్లో మునిగిపోయాడు, పెద్దవాడు కొన్నాళ్ళాగి మళ్ళీ గట్టు వేశాడు. నేననేది ఏంటంటే తవ్వక ముందే ఆపాలి, తవ్వాక పేల్చడం కాదు.

కొల్లేరు గురించి ఇంకోటి కూడా నేనే చెప్తాను, చెరువులవాణ్ణని దాచను. బుడమేరు తమ్మిలేరు నీళ్ళన్నీ కొల్లేట్లో దిగి ఉప్పుటేరు ఒక్కదాని గుండానే సముద్రానికి పోవాలి. చెరువు గట్లు అడ్డం పడితే ఆ నీళ్ళు వెనక్కి తన్ని మా వరిచేలూ మా చెరువులూ రెండూ ముంచుతాయి. అంటే గీత దాటి తవ్వినవాడు సాటి చెరువు రైతుని కూడా ముంచుతున్నాడు. అందుకే నిబంధనలు గట్టిగా పెట్టండి అని అడిగేవాళ్ళలో మాలాంటివాళ్ళం కూడా ఉన్నాం. పెద్ద ఫారాలకి వాడిన నీటిని ముందు వేరే చెరువులో నిలబెట్టి తేరాక వదలాలని రూలుంది, చిన్నవాళ్ళకి లేదు. మా దగ్గర నూటికి తొంభైమంది చిన్నవాళ్ళే అనిపిస్తది, అందరం కలిపి వదిలేది పెద్ద ఫారం కన్నా ఎక్కువ. పదిమంది కలిసి ఒక తేర్చే చెరువు పెట్టుకోమని, దానికి సబ్సిడీ ఇమ్మని ఎవరన్నా అడిగారా? కరెంటు యూనిట్ రూపాయిన్నరకి ఇస్తే చప్పట్లు కొట్టాం, ఆ సబ్సిడీకి బురదని శుద్ధి చెయ్యాలన్న షరతు పెట్టి ఉంటే సగం గొడవ అక్కడే తీరేది.

కాలవగట్టు:

ఉండి బాబు చెప్పిన తేర్చే చెరువు మాట నూటికి నూరుపాళ్ళు నిజం. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల మీద ఇచ్చిన తీర్పులో పాడు చేసినవాడే బాగుచెయ్యడానికి డబ్బు కట్టాలన్న సూత్రం ఉంది. 2005లో దాని తర్వాత చట్టం వచ్చింది, అథారిటీ వచ్చింది. కాగితం మీద లోటు లేదు. డ్రెయిన్ గట్టు మీద నిలబడి చూసే మనిషి లేడు. నేను సర్వీసులో చేరినప్పుడు ప్రతి కాలవకీ లస్కర్లు (కాలవ కాపలా మనుషులు) ఉండేవారు, ఎవడు తూము కోసినా రాత్రికే తెలిసేది. ఆ పోస్టులు ఖాళీ అయినవి ఖాళీగానే ఉండిపోయాయి. లస్కరు జీతం మిగిల్చామనుకున్నారు, దానికి ఎన్ని ఎకరాలు పోయాయో లెక్క చూసినవాడు లేడు.

పల్లంచేను:

ఇంతమంది ఇంత వివరంగా రాస్తారనుకోలేదు అండి, అందరికీ పేరుపేరునా థాంక్స్. నిన్న రాత్రి అమ్మా నాన్నా ఇద్దరికీ ఫోన్ స్పీకర్లో పెట్టి మొత్తం చదివి వినిపించాను. టిన్ను నీళ్ళ దగ్గర అమ్మ ఆగమంది, మా ఇంట్లోనూ కొంటున్నాం కదరా అని తనే అంది. లీజు గురించి మళ్ళీ ఏం మాట్లాడలేదు.

ప్రస్తుతానికి అనుకున్నది ఇది. ఈ వేసవికి లీజు ఇవ్వట్లేదు. మట్టి మూడు చోట్లా తీయిస్తాను, నేను వచ్చే నెల ఊరికి వెళ్ళి దగ్గరుండి తీస్తాను. ఆ రిపోర్టు పట్టుకుని ముందు మావయ్య దగ్గరికే వెళ్తాం, ఆఫీసుకి కాదు. ఆయన గట్టు పక్కన లోతు బోదె తీస్తే గొడవే ఉండదు, బంధువుల మధ్య కేసులు నాన్నకి ఇష్టం లేదు. పడమటి వాళ్ళు ఇంకా తవ్వలేదు కాబట్టి వాళ్ళ విషయంలో మాత్రం ముందే వెనకాల చేల రైతులందరి సంతకాలతో కలెక్టరాఫీసులో ఇవ్వాలి అనుకుంటున్నాం, జిల్లా కమిటీ పర్మిషన్ ఇవ్వకముందే. టీచర్ గారూ, మీ మాట గుర్తుపెట్టుకుని పేటలోవాళ్ళ సంతకాలు కూడా అడుగుతాం, భూమి లేకపోయినా నీళ్ళు తాగేది వాళ్ళూ కదా.

కాలవగట్టు గారూ ఒక్కటి చెప్పండి, అవును మాది శివారే. డ్రెయిన్‌లో గుర్రపుడెక్క మా చేల దగ్గర మేమే తీసుకుంటే ఉపయోగం ఉందా, లేక కిందివాళ్ళు తియ్యకపోతే వృథానా?

కాలవగట్టు:

కింద నుంచి పైకి తీసుకురావాలి బాబూ, మొగ వైపు నుంచి మొదలెట్టి. పైన తీస్తే ఆ డెక్క కొట్టుకుపోయి కింద వంతెన ఖానాల్లో ఇరుక్కుని ఇంకా ఎక్కువ అడ్డం పడుద్ది. మీ డ్రెయిన్ ఎక్కడ కలుస్తుందో, మధ్యలో ఎన్ని వంతెనలున్నాయో కనుక్కుని కింద ఊరి నీటిసంఘం వాళ్ళతో ముందు మాట్లాడండి, కాలవలు కట్టేసిన రోజుల్లో అందరూ ఒకేసారి దిగితే వారంలో అయిపోద్ది. మొగ దగ్గర తలుపు పనిచేస్తుందో లేదో కూడా చూడండి, అది పాడైతే డెక్క తీశాక పోటు నీరు ఇంకా సుఖంగా మీ చేల దాకా వచ్చేస్తది. ముందు తలుపు, తర్వాతే డెక్క. ఊరికెళ్ళాక ఆ తలుపు ఫొటో ఇక్కడ పెట్టు, ఏ రకం తలుపో చూసి ఎవరికి అర్జీ పెట్టాలో చెప్తాను.